ట్యాంకులు కదలని ఏడాది

ఏ దేశంలో అధినేత మారినా మా పత్రికా కార్యాలయాల్లో మొదట వినిపించే ప్రశ్న ఒక్కటే: ‘కొత్తాయన మనకు అనుకూలుడా, కాదా?’ ఏళ్ల తరబడి ఈ ప్రశ్నకు జవాబులు రాస్తున్నాను. రాసిన ప్రతిసారీ ఆలోచన 1985 మార్చి 11 దగ్గరికి వెళుతుంది. ఆనాడు 54 ఏళ్ల మిఖాయిల్ గోర్బచేవ్ సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యారు. మన లెక్కలో ఆయన నూటికి నూరుపాళ్లూ అనుకూలుడే. 1986 నవంబరులో ఢిల్లీ వచ్చి, అణ్వస్త్రాలూ హింసా లేని ప్రపంచం కోసం రాజీవ్ గాంధీతో కలిసి ఢిల్లీ ప్రకటనపై సంతకం కూడా చేశారు.

గోర్బచేవ్ ప్రపంచ రాజకీయాలను మార్చింది చేసిన పనులకంటే చేయని ఒక్క పనితోనే ఎక్కువ. 1956లో బుడాపెస్ట్‌కు, 1968లో ప్రేగ్‌కు మాస్కో ట్యాంకులను పంపింది. 1989లో పోలండ్, హంగేరీ, తూర్పు జర్మనీ, చెకొస్లొవేకియా ఒకదాని వెంట ఒకటి చేజారుతుంటే పంపలేదు. ఒక్క తూర్పు జర్మనీలోనే మూడు లక్షలకు పైగా సోవియట్ సైనికులున్నారు. వారు శిబిరాలు దాటి రాలేదు. చమురు ధర పడిపోయింది, అఫ్ఘానిస్థాన్ నెత్తురు పీల్చింది, వ్యక్తి నిమిత్తమాత్రుడే అనేవారున్నారు. నేను ఒప్పుకోను. ఖాళీ ఖజానా సంస్కరణలను అనివార్యం చేయగలదేమో గాని, తుపాకీ దించమని ఆదేశించలేదు. అదే ఏడాది జూన్‌లో బీజింగ్ నాయకులు తియానన్మెన్ స్క్వేర్‌లో వేరే దారి ఎంచుకున్నారు.

మరి మనకేం మిగిలింది? 1971 నాటి మైత్రీ ఒప్పందాన్ని 1991 ఆగస్టులో మరో ఇరవయ్యేళ్లకు పొడిగించుకున్నాం. డిసెంబరు 25న గోర్బచేవ్ రాజీనామా చేసేనాటికి ఒప్పందం కాగితం మన దగ్గరే ఉంది, అవతల సంతకం చేసిన దేశమే లేకుండా పోయింది. రూపాయి-రూబుల్ వాణిజ్యం చెదిరింది, మిగ్ విమానాల విడిభాగాలకు కటకట ఏర్పడింది. (మాస్కోలో అచ్చయి, విశాలాంధ్ర పుస్తకశాలల్లో చవగ్గా దొరికే తెలుగు పుస్తకాలూ ఆగిపోయాయి. మా తరం పిల్లలకు సోవియట్ పతనం మొదట తెలిసివచ్చింది అక్కడే.) 1992 జనవరిలో పీవీ ప్రభుత్వం ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలకు సిద్ధపడింది.

అన్నిటికంటే ఖరీదైన పాఠం రాకెట్లలో ఎదురైంది. క్రయోజెనిక్ ఇంజన్ల కోసం ఇస్రో సోవియట్ సంస్థ గ్లావ్‌కాస్మోస్‌తో చేసుకున్న ఒప్పందాన్ని, 1993లో అమెరికా ఒత్తిడికి తలొగ్గిన యెల్త్సిన్ ప్రభుత్వం సవరించింది. ఇంజన్లు ఇస్తాం, పరిజ్ఞానం ఇవ్వం అంది. శ్రీహరికోట నుంచి స్వదేశీ క్రయోజెనిక్ ఇంజనుతో జీఎస్‌ఎల్‌వీ తొలిసారి విజయవంతంగా ఎగిరింది 2014 జనవరిలో.