బెంచీ మీద రెండేళ్లు

మా తిరుపతిలో బస్సెక్కితే నాలుగు గంటల్లోపే చెన్నై. అందుకేనేమో, మా వీధిలో అందరిదీ చెన్నై సూపర్ కింగ్సే. టాస్ పడగానే మా నాయన అడిగేవాడు, "మన గుంటూరు పిల్లోడు ఈపొద్దన్నా ఉండాడా?" అని.

ఆ పిల్లోడు షేక్ రషీద్. 2022 అండర్-19 ప్రపంచకప్‌లో వైస్ కెప్టెన్. సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో 50 కొట్టాడు. 2023లో చెన్నై తీసుకుంది. ఆ ఏడాదీ, 2024లోనూ ఒక్క మ్యాచ్ ఆడించలేదు. నెట్స్‌లో ఎంత కొట్టినా తుది జట్టులో చోటు 11 మందికే కదా!

మా సాఫ్ట్‌వేర్‌లోనూ 'బెంచ్' ఉంటుంది. ప్రాజెక్టు లేకుండా నేనూ నాలుగు నెలలు కూర్చున్నా. జీతం పడుతుంది గానీ నిద్ర పట్టదు.

చెన్నై వరసగా అయిదు ఓడాక, 2025 ఏప్రిల్ 14న లక్నోలో రషీద్‌ని ఓపెనర్‌గా దించారు. 19 బంతుల్లో 27. జట్టు గెలిచింది. తర్వాత హైదరాబాద్ మీద మొదటి బంతికే అవుటయ్యాడు. ఆ సీజన్‌లో మొత్తం అయిదు మ్యాచ్‌లు, 71 పరుగులు. మళ్లీ బెంచీ.

కుర్రాళ్లకి చోటు దొరికేది జట్టు మునిగేటప్పుడే. అప్పుడు ఓపిక ఎవరికుంటుంది? నాకు ప్రాజెక్టు దొరికినప్పుడు కుదురుకోవడానికే మూడు నెలలిచ్చారు. కొత్తవాణ్ణి దించేటప్పుడే "ఇన్ని మ్యాచ్‌లు నీవే, ఆడుకో" అని చెప్పేస్తే ఏం పోతుంది? మొదటి బంతికి అవుటైనా ఆ రాత్రి వాడు కాస్త నిద్రపోతాడు.