కారు మీది మెరుపు, సెల్లారులోని గాలి

కారుకు పూసే పూత గురించి ఒక వైద్యుడు ఎందుకు రాయాలన్న సందేహం మీకు కలగవచ్చు. ఇటీవలి కాలంలో ఈ విషయమై నన్ను అడిగేవారు పెరిగారు. వారెవరూ మెరుపు గురించి అడగరు. ‘ఆదివారం సెల్లారులో కారుకు సెరామిక్ కోటింగ్ వేశాను డాక్టరుగారూ, రాత్రంతా ఒకటే తలనొప్పి’ అంటారు. ‘కళ్లు మండుతున్నాయి, చుక్కల మందు ఏదైనా వేసుకోవచ్చా’ అంటారు. దుకాణంలో చేయిస్తే వేలకు వేలు ఖర్చయ్యే పని, సీసా తెచ్చుకొని ఇంట్లో చేసుకుంటే అందులో చిన్న వంతుతోనే పూర్తవుతుంది. సొంత చేతులతో చేసుకునే పనిని వద్దనడం నా ఉద్దేశం కాదు. ఆ సీసాలో ఉన్నదేమిటో, అది ఎక్కడికి పోతుందో తెలుసుకొని చేసుకోమని మాత్రమే నా మనవి.

కారు రేకు మీద మొదట ప్రైమరు, దానిమీద రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఉంటాయి. ఆ పై పొర మందం సాధారణంగా 40 నుంచి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కంటే పలుచన. సెరామిక్ పూత దానిమీద అతుక్కునే మరింత పలుచని పొర, మహా అయితే రెండు మూడు మైక్రాన్లు. సీసాలో సిలికాన్ ఆధారిత పదార్థాలు ద్రావకంలో కలిసి ఉంటాయి. పూసిన వెంటనే ద్రావకం ఆవిరైపోతుంది. మిగిలినది గాలిలోని తేమతో చర్య జరిపి గాజువంటి పొరగా గట్టిపడుతుంది. అప్పుడు నీరు తామరాకు మీది బొట్టులా జారిపోతుంది, దుమ్ము తక్కువగా పట్టుకుంటుంది. సీసా మీద కనిపించే ‘9హెచ్’ అన్న అంకె పెన్సిల్ మొనతో గీసి చూసే పరీక్షకు సంబంధించినది. వజ్రంతో పోల్చే కాఠిన్య కొలతకు కాదు. రోడ్డు మీద ఎగిరివచ్చే కంకరరాయిని ఈ పూత ఆపలేదు.

వైద్యునిగా నాకు ఇందులో ముఖ్యమైన మాట ఒక్కటే. చాలా రకాల సీసాల్లో ఉన్నదానిలో గణనీయమైన భాగం కారు మీద నిలవదు, గాలిలో కలుస్తుంది. ఆ గాలి ఎవరి ఊపిరితిత్తుల్లోకి వెళుతుందన్నదే ఈ వ్యాసానికి విషయం.

పని మొదలయ్యేది పూతతో కాదు. ముందు కారును కడగాలి. తరువాత, పట్టుకుపోయిన ఇనుప రజనును కరిగించే ద్రవం చల్లుతారు. అది ఊదారంగుకు మారుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. అందులో ఎక్కువగా వాడే థయోగ్లైకొలేట్ అనే రసాయనమే అవాంఛిత రోమాలను తొలగించే క్రీముల్లోనూ ఉంటుంది. వెంట్రుకను కరిగించే పదార్థం చర్మాన్ని ఊరికే వదలదు గనుక చేతితొడుగులు ఇక్కడి నుంచే అవసరం. ఆపైన క్లే బారుతో రుద్దడం, యంత్రంతో పాలిష్ పట్టడం. యంత్రం తిరుగుతున్నప్పుడు పాలిష్ తుంపరలు కంటిలోకి ఎగురుతాయి, కళ్లద్దాలు తప్పనిసరి. తరువాత జిడ్డు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడుస్తారు. ఆ ద్రవం 12 డిగ్రీల సెల్సియస్ దగ్గరే నిప్పు అంటుకునేంత ఆవిరిని ఇస్తుంది. మన ప్రాంతంలో దాదాపు ఏ రోజైనా, ఏ వేళనైనా అది మండడానికి సిద్ధంగా ఉంటుందన్నమాట.

చివరికి అసలు పూత. చిన్న దిమ్మెకు చుట్టిన మెత్తని గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి, రెండడుగుల చదరానికి మించకుండా, మొదట అడ్డంగా, తరువాత నిలువుగా రుద్దుతారు. ఒకటి రెండు నిమిషాల్లో ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తాయి. అదే ద్రావకం ఎగిరిపోతున్న క్షణం. అప్పుడు మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. ఒక కారుకు 30 నుంచి 50 మిల్లీలీటర్లు చాలు. ఇంత కొద్ది ద్రవం ఏం చేస్తుందని మీరు అడగవచ్చు. బయలు ప్రదేశంలో చేసేది చాలా తక్కువే. మూసిన చోట రెండు మూడు గంటలపాటు, మొహం రేకుకు జానెడు దూరంలో పెట్టి పనిచేసేవారికి మాత్రం తలనొప్పి, తలతిరుగుడు, వికారం, గొంతు మంట తెప్పించడానికి అది సరిపోతుంది.

ఇక్కడ మన ముక్కు మనకు సరిగ్గా సాయపడదు. ఒకే వాసనలో కొద్ది నిమిషాలు గడిపితే ముక్కు దానికి అలవాటుపడి, వాసన తగ్గినట్లు అనిపిస్తుంది. గాలిలోని ఆవిరి తగ్గలేదు, మీ గ్రహింపు తగ్గింది. మరొక సంగతి, ఇటువంటి ద్రావకాల ఆవిరి గాలికన్నా బరువైనది. పల్లానికి చేరుతుంది, నేలబారున నిలుస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి నేలను అంటిపెట్టుకొని చుట్టుపక్కల ఊళ్లలోకి పాకిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ విపత్తుతో ఈ చిన్న సీసాను పోల్చడం లేదు. రెండింటిలో పనిచేసే భౌతిక సూత్రం మాత్రం ఒకటే. సెల్లారంటే భూమిలోకి దిగిన తొట్టి. అందులోకి చేరిన బరువైన ఆవిరి తనంతట తాను మెట్లెక్కి బయటకు రాదు.

‘మాస్కు పెట్టుకున్నానుగా’ అంటారు కొందరు. కరోనా కాలంలో మనకు అలవాటైన ఎన్‌95 మాస్కు కణాలను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ఆవిరికి బొగ్గు నింపిన ప్రత్యేకమైన గుళికలున్న మాస్కు కావాలి. అంతకన్నా మంచి ఉపాయం ఆరుబయట పనిచేయడం.

పూతను రుద్దవచ్చు గాని తుంపరగా కొట్టకూడదు. ఈ మాటను కాస్త గట్టిగానే చెబుతున్నాను. 2006 మార్చిలో జర్మనీలో గాజు, పింగాణీ ఉపరితలాలకు రక్షణపూతగా వాడే ఒక స్ప్రే డబ్బాను స్నానపుగదుల్లో కొట్టుకున్న దాదాపు వందమందికి దగ్గు, ఆయాసం వచ్చాయి. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో చేరవలసివచ్చింది. ఆ డబ్బా పేరులో ‘నానో’ అన్న మాట ఉండటంతో నానో కణాలే కారణమని అందరూ భయపడ్డారు. పరీక్షిస్తే అందులో నానో కణాలు లేవు. హాని పీడనంతో వెలువడిన అతిసన్నని బిందువుల వల్ల జరిగింది. మన వాయుకోశాల లోపలి గోడకు సబ్బునురుగు వంటి పలుచని పొర ఒకటి ఉంటుంది. వాయుకోశం ముడుచుకుపోకుండా కాపాడేది అదే. నీటిని అంటనివ్వని పూత సన్నని బిందువులుగా అక్కడికి చేరితే ఆ పొర దెబ్బతింటుంది. కారు మీద నీటిని నిలవనివ్వని గుణమే ఊపిరితిత్తిలో శత్రువవుతుంది. గుడ్డకు అంటించి రుద్దినప్పుడు ఆ బిందువులు పుట్టవు.

‘ఇందులో సిలికా ఉందట, సిలికోసిస్ వస్తుందా’ అని కూడా అడుగుతుంటారు. రాళ్ల మిల్లుల్లో, క్వార్ట్జ్ పొడి కొట్టేచోట కార్మికుల ఊపిరితిత్తులను గట్టిపరిచేది స్ఫటికరూపంలోని సిలికా ధూళి, అదీ ఏళ్ల తరబడి పీల్చినప్పుడు. ద్రవరూపంలో ఉన్న పూతను రుద్దినందువల్ల ఆ జబ్బు రాదు. అయితే పూత బాగా కుదరలేదని, గట్టిపడిన తరువాత పొడి కాగితంతో గీకి దుమ్ము లేపవద్దు, తడిపి తీయండి.

మరొక తేడా కూడా తెలుసుకోవాలి. నా ఉద్యోగకాలంలో ఒక కారు పెయింటరు రాత్రి దగ్గుతో, పిల్లికూతలతో నా దగ్గరకు వచ్చేవాడు. మందులు వాడితే కొంత నయం, మళ్లీ మొదలు. సంక్రాంతికి సొంతూరు వెళ్లి పదిరోజులుండి వచ్చి, ‘ఊళ్లో ఉన్నన్నాళ్లూ పంపు ముట్టుకోలేదు సార్’ అన్నాడు. జబ్బు పేరు ఆ ఒక్క మాటతో తెలిసింది. సెలవుల్లో తగ్గి, పనిలోకి దిగగానే తిరగబెట్టే ఉబ్బసం వృత్తివల్ల వచ్చినదని అనుమానించాలి. అతడు కొట్టే క్లియర్ కోటులో కలిపే హార్డెనరులో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది. శరీరం ఒకసారి దానికి ఎదురుతిరిగితే ఆపైన రవ్వంత తగిలినా ఊపిరి బిగుస్తుంది. అతడు రంగు పని మాని, సొట్టలు తీసే పనిలోకి మారాకగాని కోలుకోలేదు. ఇళ్లలో వాడే సెరామిక్ సీసాలు సాధారణంగా ఆ కోవకు చెందవు. అయినా రెండు సీసాలు కలిపి వాడమన్నా, చీటీ మీద ఐసోసయనేట్ అన్న మాట కనిపించినా, అది ఇంట్లో చేసే పని కాదని గ్రహించండి. ప్రతి సీసాకు ఒక భద్రతా పత్రం ఉంటుంది; తయారీదారు అంతర్జాల పుటలో వెతకండి, లేదా అమ్మినవారిని అడగండి. అందులో రెండో విభాగం ప్రమాదాలను, ఎనిమిదో విభాగం రక్షణ సామగ్రిని చెబుతాయి.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు మాట. మా అపార్టుమెంటులో పై అంతస్తు యువకుడొకరు కిందటి చలికాలంలో సీసా తెచ్చుకొని, ‘అంకుల్, గ్లవ్స్ ఏవి మంచివి’ అని అడగడానికి వచ్చాడు. చోటు చూద్దాం పదమని అతనితో సెల్లారులోకి దిగాను. అతని కారు నిలిపే గడికి నాలుగడుగుల దూరంలో వాచ్‌మన్ గది. ఒకే గది, ఒకే కిటికీ. ఆ కిటికీ సెల్లారులోకే తెరుచుకుంటుంది. లోపల గ్యాసు పొయ్యి వెలుగుతోంది. రెండేళ్ల పిల్లవాడు చాప మీద నిద్రపోతున్నాడు. చలికాలం వస్తే ఆ బిడ్డకు పిల్లికూతలు. రెండుసార్లు నేనే నెబ్యులైజరు పెట్టించాను. విషయం చెబితే ఆ తల్లి నవ్వి, ‘వాసనొస్తే పిల్లాణ్ణెత్తుకుని బయట కూర్చుంటాం సార్, ఏం కాదులెండి’ అంది. ఆమె అభ్యంతరం చెప్పదు. చెప్పగలిగిన స్థితిలో లేదు. ఆ యువకునికి ఇంకేమీ వివరించవలసిన పని లేకపోయింది. మరుసటి ఆదివారం పొద్దున్నే కారును గేటు ముందరి వేపచెట్టు పక్కకు, ఆకులు రాలని చోటుకు తీసుకుపోయి అక్కడ పని పూర్తిచేశాడు.

మీ సెల్లారులోనూ అటువంటి గది ఉండే ఉంటుంది. మీరు రెండు మూడు గంటలు పనిచేసి పైకి వెళతారు. పూత ఆరుతున్న కారు రాత్రంతా ఆ కిటికీ పక్కనే ఉంటుంది. చిన్నపిల్లలు తమ బరువుతో పోలిస్తే పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. వారి ముక్కు నేలకు దగ్గరగా ఉంటుంది, బరువైన ఆవిరి చేరేదీ అక్కడికే. పైగా ఆ గదిలో పొయ్యి మంట ఉంటుంది.

కాబట్టి పని ఆరుబయట, నీడలో చేయండి. రేకు మీద అరచేయి హాయిగా నిలవగలిగినంత చల్లగా ఉండాలి. మన ఎండాకాలం ఇందుకు పనికిరాదు. చలికాలపు ఉదయమైతే మంచు తడి పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి. నైట్రైల్ చేతితొడుగులు వాడండి. మామూలు రబ్బరువి ద్రావకానికి ఆగవు. ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు దరిదాపుల్లో ఉండకూడదు. పని ముగిశాక కనీసం కొన్ని గంటలు కారును బయటే ఉంచండి. సీసా మీద రాసినంత కాలం తడవనివ్వకండి, కడగకండి. మెరిసే కారును చూడగానే హారతి ఇవ్వాలనిపించడం సహజం. కర్పూరం వెలిగించడం మాత్రం మరునాటికి వాయిదా వేయండి. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయక, బయట పరిచి ఆరనిచ్చి పారవేయండి. మిగిలిన ద్రవాన్ని మంచినీళ్ల సీసాలో పోసి దాచవద్దు.

కంటిలో పడితే రెప్పలు విప్పి, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే కంటి వైద్యుని దగ్గరకు వెళ్లండి. తల తిరిగితే పని ఆపి గాలిలోకి రండి. పొరపాటున ఎవరైనా మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు. పైకి వచ్చేటప్పుడు ద్రావకం ఊపిరితిత్తుల్లోకి జారితే కడుపులో చేసే హానికన్నా ఎక్కువ హాని చేస్తుంది. 108కి ఫోన్ చేసి, సీసాను వెంట తీసుకొని ఆసుపత్రికి వెళ్లండి. తుంపర పీల్చినవారికి మొదట బాగానే ఉండి, కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలు కావచ్చు. ఆ రోజంతా గమనిస్తూ ఉండాలి.

సెల్లారు తప్ప మీకు వేరే చోటు లేకపోతే, ఈ పనిని బయట చేసేవారికి అప్పగించడమే మేలు. బయట చోటు ఉంటే, ఏ రోజు, ఏ వేళకు, ఎక్కడ చేయబోతున్నారో ముందురోజే వాచ్‌మన్ కుటుంబానికి చెప్పండి. వారి కిటికీ ఎటువైపు తెరుచుకుంటుందో ఒకసారి దిగి చూసి రండి.