నానక్‌రామ్‌గూడలో నిదానం

అమ్మాయి వీసా పనిమీద వెళ్ళిన తెలుగు మాస్టరు లారీ మరమ్మతు నేర్చుకు వచ్చాడని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతుంటారు. నవ్వితే నవ్వారు గాని, ఆ పూట నానక్‌రామ్‌గూడ రోడ్డుపక్కన నేను చూసింది నలుగురికీ చెప్పదగినదనే నా నమ్మకం.

హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008 నుంచి బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఉండేది. 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలో కట్టిన కొత్త భవనానికి మారింది. పైచదువులకు వెళ్ళే పిల్లలూ, వాళ్ళ వెంట తల్లిదండ్రులూ పొద్దున్నే అక్కడికి చేరుకుంటారు. లోపలికి సెల్‌ఫోను తీసుకుపోనివ్వరు. మా అమ్మాయి తన ఫోను నా చేతిలో పెట్టి, "నాన్నా, నువ్వు కంగారుపడకు" అని నాకే ధైర్యం చెప్పి వరుసలో నిలబడింది. ఇక నాకు మిగిలింది ఎదురుచూపు.

ఊరు చూద్దామని నడక మొదలుపెట్టాను. గూడ అంటే చిన్న పల్లె. ఇప్పుడా పల్లెను వెతుక్కోవలసిందే. ఒక వంక ఫైనాన్షియల్ డిస్ట్రిక్టు అద్దాల మేడలు, ఇంకొక వంక నగరం చుట్టూ 158 కిలోమీటర్లు తిరిగే ఔటర్ రింగు రోడ్డు. నడుమ ఇరుకు సందులు, హాస్టళ్ళ బోర్డులు, ఇడ్లీ బండ్లు. పాత ఊళ్ళో రంగనాథస్వామి కోవెల ఉంది. సినిమాలమీద మోజున్నవారికి రామానాయుడు స్టూడియో గుర్తు. వీటన్నిటికంటె పాతవి ఈ ప్రాంతపు బండరాళ్ళు. ఎవరో ఒకదానిమీద ఒకటి పేర్చిపెట్టినట్లుండే ఈ గ్రానైటు గుట్టల వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అంతకాలం కదలని రాయి ఇప్పుడు మేడల పునాదులకోసం పగిలి, టిప్పరు లారీలెక్కి పోతున్నది. ఆ రాతిపొడి చెట్ల ఆకులమీదా, టీకొట్టు రేకులమీదా, మన కళ్ళజోళ్ళమీదా కూడా పడుతుంది. ఈ దుమ్మును పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. కథలో దానికి పెద్ద పాత్రే ఉంది.

టీకొట్టు దగ్గర కూర్చోబోతుంటే, "సార్, నమస్తే! గుర్తువట్టిన్రా?" అన్న మాట వినిపించింది. చూద్దును గదా, ఒకప్పటి మా విద్యార్థి! పద్యం రాగయుక్తంగా చదివేవాడు. డిగ్రీ రెండో ఏట ఉన్నట్టుండి కాలేజీకి రావడం మానేశాడు. కొన్నాళ్ళు చూసి హాజరుపట్టీలో పేరు కొట్టేశాను. తండ్రికి పక్షవాతం వచ్చిందనీ, ఆయన టిప్పరు తాను నడపవలసి వచ్చిందనీ నాకు తెలిసింది ఆ టీకొట్టు బల్లమీదనే.

ఆ టిప్పరు ఎదురుగానే ఆగి ఉంది. పద్నాలుగేళ్ళ బండి.

"ఎత్తు మీదికి గుంజుతలేదు సార్. లోడుంటే చాలు, నల్లపొగ. డీజిలు నీళ్ళలెక్క తాగుతున్నది. షెడ్డుల చూపిస్తే టర్బో పోయింది, కొత్తది ఎయ్యాలన్నరు. ముప్పైవేల పైచిలుకు. ఇంటామె గాజులు కుదువబెట్టి పైసలు తెచ్చిన. ఇయ్యాల రాత్రికి బండి తిరగకపోతే కాంట్రాక్టరు ఇంకో బండి పెట్టుకుంటనన్నడు."

ఆ మాట చెబుతూ చొక్కా జేబు తడుముకున్నాడు. గాజుల డబ్బు అందులోనే ఉంది కాబోలు.

కొత్త టర్బో బిగించడానికని తండ్రికి పరిచయమున్న ఒక ముసలి మేస్త్రిని పిలిపించాడు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు. స్కూటరు దిగి, పనిముట్ల సంచీ కిందపెట్టి, సంగతంతా విని, "టర్బో తనంత తాను చావదు బేటా. ఎవరో చంపుతరు. ముందు అసలు చచ్చిందో లేదో నిదానంగా చూద్దాం" అన్నాడు.

ఆ 'నిదానం' అన్న మాట దగ్గర నా చెవి నిలిచింది. తెలుగులో నిదానమంటే తొందరపడకపోవడం. ఆయుర్వేదంలో నిదానమంటే రోగకారణం. మాధవకరుడు దానిమీద ఒక గ్రంథమే రాశాడు. ఆ రెండర్థాలూ ఒకే మనిషిలో కలవడం నేను చూసింది ఆ వేళే.

ఇంతకీ టర్బో అంటే ఏమిటి? కమ్మరి కొలిమికి తిత్తి ఎలాంటిదో, డీజిలు ఇంజనుకు టర్బో అలాంటిది. ఒకే ఇరుసుకు రెండు కొసలా రెండు రెక్కల చక్రాలు. ఇంజను విడిచిన వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. దానితోపాటు తిరిగే రెండో చక్రం బయటి గాలిని పీల్చి, కుదించి, ఇంజనులోకి తోస్తుంది. పారవేసే పొగతోనే పని చేయించుకోవడమన్నమాట. ఆల్‌ఫ్రెడ్ బ్యూఖీ అనే స్విట్జర్లాండు ఇంజనీరు 1905లో ఈ ఊహకు పేటెంటు పొందాడు. చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు తిరిగే టర్బోలు కూడా ఉన్నాయి. అంత వేగంలో ఇరుసును కాపాడేది సన్నని నూనె పొర ఒక్కటే.

ఉస్తాద్ ముందుగా పొగ రంగు అడిగాడు. వైద్యుడు నాలుక చూసినట్లే. "నీలం పొగైతే నూనె కాలుతున్నట్టు. నల్లపొగైతే డీజిలుకు తగ్గ గాలి అందుతలేనట్టు. నీది నల్లది. అంటే గాలి యాడనో ఆగుతున్నది, లేకుంటే యాడనో కారిపోతున్నది" అన్నాడు. తరువాత నూనె కొలకర్ర తీసి చూశాడు. మట్టం సరిగానే ఉంది. నూనె తగ్గడం లేదని మావాడూ చెప్పాడు.

గాలి ఫిల్టరు బయటికి తీశాడు. పాఠకులు గుర్తుపెట్టుకున్న దుమ్ము అందులో ఉంది! మడతలన్నీ రాతిపొడితో పూడిపోయాయి. "వారం వారం గాలి కొట్టి దులుపుతనే ఉన్న ఉస్తాద్" అన్నాడు కుర్రాడు.

"జోరుగా గాలి కొడితే కాయితం చిరుగుతది. ఆ సందులకెల్లి పోయే పొడి టర్బో రెక్కలు గీకేస్తది. ఇక్కడ రాయి పగలగొట్టే చోట తిరిగే బండికి ఫిల్టరు తొందరగ మార్చాలె."

ఇంజను చల్లబడేదాకా ఆగి, టర్బో ముందున్న రబ్బరు గొట్టం ఊడదీశాడు. రెక్కల చక్రాన్ని వేలితో తిప్పాడు. చప్పుడు లేకుండా తిరిగింది. రెక్కల అంచులు నా వేలితో తాకించి చూపించాడు, ఎక్కడా విరగలేదు. చక్రాన్ని పక్కలకు కదిపితే అతి కొంచెం ఆడింది. "ఇంత ఉండాలె. నూనెకు జాగా" అన్నాడు. ముందుకూ వెనక్కూ లాగి చూశాడు, ఆడలేదు. "అట్ల ఆడితే గోడకు రాసుకుంటది. అప్పుడు పోయిందని చెప్పాలె. ఇది పోలేదు."

కుర్రాడి ముఖం అప్పటికీ తేలికపడలేదు. టర్బో పోకపోతే మరి పోయిందేమిటి?

టర్బో నుంచి గాలి నేరుగా ఇంజనులోకి పోదు. కుదించిన గాలి వేడెక్కుతుంది గనుక, ముందువైపున్న ఇంటర్‌కూలరులో చల్లబడి పోతుంది. దానికి రబ్బరు గొట్టాలుంటాయి. ఉస్తాద్ బండి కింద పడుకుని టార్చి వేశాడు. ఒక గొట్టం అడుగున చెయ్యెడు మేర చమురు తడి, దానికంటిన నల్లని దుమ్ము. "తడి ఉన్నకాడ దారి ఉంటది" అంటూ గొట్టాన్ని వంచాడు. అడుగువైపు రెండంగుళాల చీలిక నోరు తెరిచింది. బండి నిలబడి ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు లోపలి ఒత్తిడికి తెరుచుకుంటుంది. టర్బో తోసిన గాలి ఇంజనుకు చేరకముందే పారిపోతుంది. పీల్చేచోట ఆటంకం, తోసేచోట చిల్లు. తిట్లు మాత్రం నడుమనున్న టర్బోకు!

కొత్త టర్బో వేసి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

"ఏమైతది సాబ్? గాజులు పోయేవి, పొగ ఉండేది" అన్నాడాయన.

షాపునుంచి కుర్రాడు కొత్త గొట్టం, బిగింపు క్లిప్పులు, ఫిల్టరు తెచ్చాడు. కూలితో కలిపి నాలుగు వేలలోపే అయింది. అన్నీ బిగించాక ఉస్తాద్ అతుకులకు సబ్బునీళ్ళు పూసి, ఇంజను రేపించి, బుడగలు రాలేదని చూసుకున్నాడు. రాళ్ళు నింపుకుని బండి ఎత్తు ఎక్కి వచ్చింది. పొగ చాలావరకు తగ్గింది గాని బొత్తిగా పోలేదు. ఉస్తాద్ దాన్ని దాచలేదు. "ముసలి ఇంజను. నాజిళ్ళు చూపించాలె. పైసలొచ్చినంక చూపియ్యి, ఇయ్యాల కాదు. ఇంకోమాట. ఎత్తెక్కి వచ్చి వెంటనే బందు చెయ్యకు. రెండు మూడు నిమిషాలు ఊరికే తిరగనియ్యి. లేకుంటే టర్బోల నూనె మాడి బొగ్గయితది. నూనె వేళకు మార్చు. టర్బోలను చంపేది ఎక్కువ అదే."

మావాడు ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. నావైపు తిరిగి, "సాయంత్రం పోయి గాజులు విడిపించుకొస్త సార్" అన్నాడు.

నాకు సంతోషంతోపాటు సిగ్గు కూడా కలిగింది. లారీకి జరిగిన విచారణ ఆ కుర్రాడికి నేను జరిపించలేదు. తరగతికి రాలేదు గనుక చదువుమీద శ్రద్ధ లేదనుకున్నాను. చప్పుడు చేసిన భాగాన్నే తప్పుపట్టాను. గాలి ఎక్కడ అందడం లేదో ఒక్కపూట ఇంటికి వెళ్ళి అడగలేకపోయాను. అడిగివుంటే ఏ దారైనా దొరికేదేమో.

"దూరవిద్యలో మిగిలిన రెండేళ్ళూ కట్టవచ్చునురా. ఫారాలు నేను పంపిస్తాను" అన్నాను.

నవ్వాడు. "ముందు నాజిళ్ళు సార్, తర్వాత పరీక్షలు" అన్నాడు గాని, నా ఫోను నంబరు రాసుకున్నాడు.

ఇంతలో మా అమ్మాయి వచ్చింది. వీసా మంజూరైందట. చెప్పవలసిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పి, నా చొక్కా వంక చూసి, "ఈ మసేమిటి నాన్నా?" అంది.

మర్నాడు కాలేజీలో హాజరుపట్టీ తీశాను. పది రోజులుగా రానివాళ్ళు ఇద్దరున్నారు. ఈసారి పేర్లు కొట్టెయ్యలేదు. వాళ్ళ ఊళ్ళేవో కనుక్కుని రాసుకున్నాను.