చిన్న విమానం, కింద అంతా నీళ్లే

గ్రూపులో పెద్ద పోస్టు రాసి చాలా రోజులైంది. కాస్త ఓపిగ్గా చదవండి.

మేం ముగ్గురం. ఒకరిది పాడేరు వైపు, ఒకరిది ఉట్నూరు, ఒకరిది అమ్రాబాద్ పైన చెంచు పెంట. స్కాలర్‌షిప్ మీద చదువుకోడానికి ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న డార్విన్‌కి వచ్చాం. మే నెలలో సెలవు దొరికితే కకాడు నేషనల్ పార్కు చూద్దామని తూర్పుకి 250 కిలోమీటర్లు కారులో జబిరు అనే ఊరికి పోయాం. వానలు అప్పుడే వెనకబట్టాయి. కొన్ని దార్లు ఇంకా నీళ్లకిందే ఉన్నాయి. నడుద్దామంటే ఊబి, పైగా మొసళ్లు. చూడాలంటే పైనుంచే చూడాలన్నారు అక్కడివాళ్లు. అరగంట విమానం. టికెట్ ఎంతో రాస్తే ఇంట్లో తిడతారు, అది వదిలేద్దాం.

ఎక్కే ముందు మమ్మల్ని ఒక్కొక్కళ్లనీ తూకం వేశారు, జీసీసీ డిపోలో చింతపండు తూచినట్టు. బరువుని బట్టి సీటు. పైలట్ మా వయసు అమ్మాయే. రెక్క మన తలపైన ఉంటుంది కాబట్టి కిటికీలోంచి కిందకి ఏ అడ్డూ లేదు.

లేవగానే కనిపించింది నీళ్లు కాదు, గని. రేంజర్ యురేనియం గని. పెద్ద గొయ్యి, చుట్టూ కట్టలు కట్టిన చెరువులు. దాని పక్కనుంచే మగేలా వాగు పోతోంది. ఆ వాగు వెంటే మేమూ ఉత్తరానికి పోయాం. కొంచెం దూరం పోయాక వాగు వాగులా లేదు, విప్పారి మైదానమంతా పరుచుకుంది. ఎటు చూసినా పచ్చటి గడ్డి, గడ్డి మధ్య అద్దాల్లా నీళ్లు, కలువలు, బెరడు కాగితంలా ఊడే తెల్లని చెట్లు. విమానం నీడ నీళ్లమీద మాతో పాటే పరుగెత్తింది. నలుపు తెలుపు బాతులు గుంపుగా లేచినప్పుడు ముగ్గురం ఒకేసారి అరిచాం. హెడ్‌ఫోన్‌లో పైలట్ నవ్వింది.

ఒకచోట సన్నగా పొగ. అడవి అంటుకుందా అని అడిగాం. కాదట. ఇక్కడి ఆదివాసులు, బినింజ్ వాళ్లు, ఏడాదిని ఆరు కాలాలుగా లెక్కపెడతారు. ఇది యెగ్గె. పచ్చి ఉండగానే కొంచెం కొంచెం కాలిస్తే తర్వాత పెద్ద మంటలు రావు. పార్కువాళ్లూ వాళ్లతో కలిసే కాలుస్తారు. మా ఊళ్లో అగ్గిపుల్ల గీస్తే ఫారెస్టు కేసు! పాడేరు పిల్ల చాలాసేపు దీనిమీదే గొణిగింది.

పెంట నుంచి వచ్చినవాడు మాత్రం గని దగ్గరే ఆగిపోయాడు. ఇక్కడ యురేనియం ఉందని ఎలా తెలిసిందని అడిగాడు. పైలట్ చెప్పింది: 1969లో, ఇలాగే తక్కువ ఎత్తులో ఎగిరే విమానంలో రేడియేషన్ కొలిచే పరికరం పెట్టుకుని వెతికారట. వాడు మళ్లీ మాట్లాడలేదు.

మాకు అర్థమైంది. 2019లో నల్లమలలో యురేనియం మాట వచ్చినప్పుడు, పైన ఏ హెలికాప్టర్ చప్పుడైనా వాళ్ల పెంటలో ముసలోళ్లు బయటికొచ్చి నిలబడేవాళ్లట. ఆ సెప్టెంబరులో తవ్వకాలు వద్దని తెలంగాణ అసెంబ్లీ తీర్మానం చేసింది. అయినా చప్పుడు వింటే అవ్వ ఇప్పటికీ తల ఎత్తుతుందట.

మనకి సమతా తీర్పు 1997లో వచ్చింది. వీళ్ల భూహక్కుల చట్టం 1976 నాటిది. అందులో గని వద్దనే హక్కు ఉంది, కానీ రేంజర్‌కి మాత్రం మినహాయింపు పెట్టారు. అక్కడి భూమి హక్కుదారులు మిరార్ జనం, వద్దన్నా ఆగలేదు. 2021 జనవరి దాకా నడిచింది. వాగు దిగువన వాళ్ల ఊరు ఉంది. పక్కనే జబిలుకాలో ఇంకో గని మొదలుపెట్టబోతే వాళ్లు 1998లో నెలల తరబడి అడ్డం కూర్చున్నారు. ముందు నిలబడింది ఇవాన్ మార్గరులా అనే మిరార్ ఆడమనిషి. అది గని కాలేదు. లీజు పొడిగించబోమని 2024లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. మేం పైనుంచి చూసిన జబిలుకా నీళ్లూ గడ్డీ బండలే.

దిగాక కడుపులో తిప్పింది, గాలికి విమానం అంత ఊగింది. పెంటవాడు సిగ్నల్ వెతుక్కుని ఇంటికి ఫోన్ చేశాడు. విమానం సంగతి అవ్వకి పట్టలేదు. "అన్ని నీళ్లుంటే చేపలుంటయి గదా, ఎవరు పడతరు?" అంది.

"ఆడోళ్లే, అవ్వా."

"ఇంకా ఆడనే ఉన్నరా?"

"ఉన్నరు."