ఖుష్ మహలు నీడ

ఓరుగల్లు కోటలో కీర్తితోరణముల చేరువనున్న ఖుష్ మహలును, చుట్టుపట్ల చెట్లను చిత్రింప నభ్యసించువాఁడు మొదట మఱవవలసినది, ఱాయి యనఁగా బూడిదవన్నె, ఆకనఁగా పచ్చన యను చిన్ననాఁటి పాఠమే. 1874లో పారిసు ప్రదర్శనమున పరిహాసపాత్రులైన ఇంప్రెషనిస్టులు వస్తువును గాక, దానిపై క్షణకాలము నిలిచిన వెలుఁగును లిఖించిరి. వారిలో నొకఁడైన మోనే రువాన్ చర్చిని ముప్పదికిఁ బైగా పటములలో వ్రాసినది గోడలకొఱకుఁ గాదు, గంటగంటకు మాఱు కాంతికొఱకు. మన వైశాఖపుటెండ కంతటి మార్దవ మెక్కడిది? మధ్యాహ్నమున నది రంగులనెల్ల మ్రింగివేయును. కావున నేను సాయంసమయమునే కోరుదును: అప్పుడు కన్నులరమోడ్చి చూచిన, ఏటవాలు గోడలు నారింజవన్నె దాల్పఁగా, వాని నీడ నలుపు గాక నీలలోహితమై తోఁచును. ఆ నీడకు నీలమును, ఎఱుపును పొడిపొడి పూఁతలుగాఁ బ్రక్కప్రక్కన నుంచి, కలుపు పనిని చూపరి కంటికే విడువవలెను. చెట్లలోఁ జింతయే కడుఁ గష్టము. దాని చిఱుటాకుల నెంచఁబోక, నడుమ నడుమ మెఱయు నాకాశపుఁ దునుకలనే ముందు వ్రాయవలెను.