కామసముద్రంలో మూడు రోజులు

కామసముద్రం అంటే మనవాళ్ళలో చాలామందికి రైలు కిటికీలోంచి కనబడి మాయమయ్యే ఒక చిన్న స్టేషను. బంగారుపేట దాటి కుప్పం వైపు పోయే ప్యాసింజరు బండి అక్కడ ఒక్క నిమిషం ఆగుతుంది. ఇద్దరు దిగుతారు, నలుగురు ఎక్కుతారు, అంతే. నేనూ ఇన్నేళ్ళుగా అట్లాగే చూశాను. అత్తవారి వూరు కుప్పం కనుక పెళ్ళయిన యీ పదమూడేళ్ళలో ఆ దారిన యెన్నిసార్లు పోయివుంటానో లెక్కలేదు. ఒక్కసారయినా అక్కడ కాలు పెట్టలేదు. మొన్న మాఘమాసంలో దిగాను. దిగింది వూరు చూడడానికి కాదు, మా ఆవిడను చూడడానికి.

ఈ మాట కొందరికి వింతగా తోచవచ్చు. మాది ఊరుగాం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడేనాటికి నాకు ఇరవై యేళ్ళు. ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కి టైపు నేర్చుకొంటున్నాను. ఆ తరువాత మన గనుల వాళ్ళు వేలమంది యేం చేశారో నేనూ అదే చేశాను. తెల్లవారకముందే మారికుప్పం నుంచి వచ్చే రైలెక్కి బెంగుళూరు పోవడం, చీకటి పడ్డాక తిరిగి రావడం. అక్కడొక కంపెనీలో గుమాస్తాను. నాలుగింటికి లేస్తాను, ఐదింటికి గడప దాటుతాను, రాత్రి తొమ్మిదింటికి మళ్ళీ గడప తొక్కుతాను. ఆదివారం వచ్చిందంటే నిద్ర, రేషను, బంధువుల ఇళ్ళలో శుభాశుభాలు. ఈ లెక్కన మా ఆవిడ ముఖం నేను పగటి వెలుతురులో చూసినది మొత్తం మీద యెన్నాళ్ళని ఒకనాడు రైలులో కూర్చొని కాగితం మీద వేసి చూశాను. లెక్కలు రాసే వృత్తి కదా! వేయకుండా వుంటే బాగుండేది.

మా నాయనగారు ఛాంపియన్ రీఫ్ గనిలో భూమి లోపల కొయ్య దూలాలు నిలబెట్టే పనిలో వుండేవారు. ఆ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. లోపల ఎక్కడో రాయి పగిలిందంటే పైన మా లైను ఇళ్ళలో గూట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ చప్పుడుకు మా అమ్మ చేతిలో పని చేతిలోనే వదిలి వీధిలోకి వచ్చి నిలబడేది. చూస్తే లైను పొడుగునా ఆడవాళ్ళందరూ నిలబడి వుండేవారు. ఒకరితో ఒకరు మాట్లాడేవారు కారు. షిఫ్టు వదిలి నాయన వీధి మలుపులో కనబడగానే అమ్మ యేమీ జరగనట్టు లోపలికి పోయి పొయ్యి వూదుకొనేది. గనులతోపాటు ఆ నిలబడడం కూడా పోయిందని నేను అనుకొన్నాను. పోలేదు. రైలు ఆలస్యమయిన రాత్రి మా ఆవిడ వాకిట్లో అట్లాగే నిలబడివుంటుంది. నేను మలుపు తిరగగానే లోపలికి పోయి అన్నం వడ్డిస్తుంది.

పెళ్ళయిన నాలుగో యేట ఒకసారి, ఎనిమిదో యేట ఒకసారి ఆమెకు కడుపు నిలిచి పోయింది. రెండోసారి ఆరో నెల. కబురు అందేసరికి నేను ఆఫీసులో వున్నాను. పరుగున వచ్చి ఎక్కిన బండి దారిలో ఒకచోట గంటన్నర నిలిచిపోయింది. నేను ఆస్పత్రి చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తరువాత ఆ సంగతి మేమిద్దరం యేనాడూ మాట్లాడుకోలేదు. నేనయితే ఆ బండిని మనసారా తిట్టుకొని వూరుకొన్నాను.

ఇప్పుడు ముప్పయ్యేడేళ్ళ వయసులో ఆమెకు మళ్ళీ నెల తప్పింది. భయపడుతూ భయపడుతూ యేడో నెల వచ్చింది. సీమంతం చేశాం. ఇక ఆనవాయితీ ప్రకారం పుట్టింటికి పంపాలి. అంటే నాకు ఆదివారం నాటి దర్శనం కూడా లేనట్టే.

మా ఆఫీసులో ఒక కుర్రవాడు, అతని భార్య కూడా గర్భవతే, ఇద్దరూ కూర్గులో కాఫీతోటల మధ్య ఒక కొయ్య యింట్లో నాలుగు రోజులు గడిపివచ్చారు. బిడ్డ పుట్టకముందు అట్లా వెళ్ళడాన్ని 'బేబీమూన్' అంటారట. విని నవ్వుకొన్నాను. మన పెద్దలు గర్భిణీపతికి నిషేధాలు చెప్పారు గాని విహారాలు యెక్కడ చెప్పారు? క్షౌరం పనికిరాదు, దూరదేశం పోరాదు, సముద్రయానం కూడదు. ఈ మాటే పైకి అంటే పక్క బల్ల గుమాస్తా, "సముద్రం వద్దంటే మా కామసముద్రం రండి" అన్నాడు. అతనిది ఆ వూరే. అడవి అంచున అతనికి మామిడితోట వుంది, అందులో ఒంటిగది యిల్లు, కాపలాకు ఒక ముసలి దంపతులు. వేళాకోళానికి అన్నమాటే స్థిరపడింది. శుక్రవారం సెలవు పెట్టాను.

మా అమ్మ ఒప్పుకోలేదు. ఒట్టి మనిషి కాదు, చెట్ల కిందికి తీసుకుపోతావా, గాలీ ధూళీ సోకితే యేం కాను అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ధూళి మాటకు వస్తే ఊరుగాంలో మాత్రం తక్కువా? గాలి లేచిందంటే సైనైడు దిబ్బల తెల్లదుమ్ము వాకిలి దాటి వంటింట్లోకి వస్తుంది. డాక్టరమ్మను అడిగితే ఆమె అమ్మకంటే సులభంగా ఒప్పుకొన్నది. గుంతల దారిలో ఆటో వద్దు, రైలులోనే పొమ్మన్నది. అక్కడి నుంచి ఆస్పత్రి యెంతసేపట్లో చేరగలరో ముందే కనుక్కొని, రాత్రివేళ పిలిస్తే వచ్చే కారు ఒకటి మాట్లాడి పెట్టుకోమన్నది. ఆ రెండూ చేశాను. చివరికి అమ్మే కోడలి కొంగున వేపాకు ముడివేసి, సంచిలో ఒక ఇనుప ముక్క పడేసి సాగనంపింది.

బెంగుళూరుకు మొట్టమొదట రైలు వచ్చింది కామసముద్రం మీదుగా పోయే యీ దారినే, 1864లో. మన గనుల కోసం బంగారుపేట నుంచి కొమ్మలైను వేసింది 1894లో. మనం కొమ్మ మీది పిట్టలం, మానుకు యెప్పుడో గాని పోము. బంగారుపేటలో బండి మారి కామసముద్రంలో దిగేసరికి పదిగంటలయింది. సముద్రం అన్నారు గదా అని కొత్తవాళ్ళు ఆశపడకూడదు. నిత్యం పారే యేరు లేని యీ కోలారు సీమలో చెరువే సముద్రం. వూరి పేర్లలో యెక్కడ సముద్రం వినబడినా వెనక ఒక చెరువు, దాన్ని తవ్వించిన ఒక పెద్దమనిషి వుంటారు. బోర్డులు కన్నడంలో వున్నాయి, స్టేషను బయట అరుగు మీద మాటలు తెలుగులో. కొంచెం తూర్పుకు పోతే ఆంధ్ర, దక్షిణానికి పోతే తమిళనాడు. హైదరలీ పుట్టిన బూదికోట దగ్గరే గాని మేం పోలేదు. కోట యెక్కే స్థితిలోనా వున్నాం!

తోట యిల్లు అంటే గొప్పగా వూహించవద్దు. నాలుగు రాతిగోడలు, పైన బండలు పరచిన మిద్దె, ముందు ఒక పంచ, పక్కన నీళ్ళతొట్టి. చుట్టూ మామిడిచెట్లు పూతమీద వున్నాయి. ఆ వాసన, తేనెటీగల రొద పగలంతా తెంపులేదు. తోట దాటితే ఏనుగుల కోసం తవ్విన కందకం, దాని ఆవల అడవి. అది కూడా భీకరారణ్యమేమీ కాదు. తుమ్మ, వెదురు, ముళ్ళపొదలు, మధ్య మధ్య ఆకు రాల్చి యెర్రగా పూచిన మోదుగలు. కాపలా అవ్వ మా ఆవిడను చూసిన మరుక్షణం నుంచి నన్ను లెక్కచేయడం మానేసింది. మునగాకు కూర, ఉలవచారు, వేడివేడి సంగటి; తినేదాకా యెదుట కూర్చొని లేవదు.

మొదటి పూట మాకు మాటలే దొరకలేదు. రేషను కార్డు, గ్యాసు బండ, అమ్మ మోకాళ్ళ నొప్పి. ఇవన్నీ గంటలో అయిపోయాయి. తరువాత యిద్దరం పంచలో కూర్చొని పూత మీది ఈగలను చూస్తూ వున్నాం. అప్పుడు గమనించాను, ఆమె చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. "ఇవి యెప్పటినుంచి?" అన్నాను. "నాలుగేళ్ళయింది" అన్నది.

మరునాడు తెల్లవారుజామున నాలుగింటికి అలవాటు చొప్పున లేచి చీకట్లో చొక్కా కోసం తడుముకొన్నాను. "ఇక్కడ మీ బండి రాదండీ" అని మంచం మీద నుంచి ఆమె నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులయింది. మళ్ళీ పడుకొన్నాను గాని నిద్ర రాలేదు. ఇరవై యేళ్ళ అలవాటు మూడు రోజుల్లో పోతుందా?

రెండో రాత్రి సంగతి చెప్పాలి. 1902లో శివనసముద్రం నుంచి తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. దేశంలో యెన్నో పట్నాలకంటే ముందు దీపాలు వెలిగిన చోట పుట్టినవాళ్ళం మనం. అట్లాంటి చీకటి నేను చూసి యెరుగను. పదిగంటల వేళ కందకం ఆవల, దూరాన, టపాకాయలు పేలాయి. తరువాత డబ్బాలు వాయించిన చప్పుడు, కేకలు. తాత లేచి మంటలో రెండు మొద్దులు ఎగదోసి కూర్చొన్నాడు.

ఈ ప్రాంతానికి ఏనుగులు పాతకాపులు కావు. 1980ల్లో హోసూరు వైపు అడవుల నుంచి కుప్పం కొండలకు మందలు వచ్చి నిలిచాయి. వాటికోసమే ఆంధ్ర ప్రభుత్వం 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించింది. ఏనుగుకు రాష్ట్రాల సరిహద్దు తెలియదు కనుక కామసముద్రం రైతుల చేలు కూడా వాటి దారిలోనే పడ్డాయి. రాగి పంట కోతకు వచ్చేనాటికి యీ వూళ్ళల్లో కంటిమీద కునుకు వుండదు. పంట పోయినవాళ్ళున్నారు, ప్రాణం పోయినవాళ్ళూ వున్నారు. మాఘంలో చేలు ఖాళీగా వుంటాయి గనుక భయం లేదని మా గుమాస్తా చెప్పాడు. రాగిగడ్డి వాముల సంగతి అతనికి గుర్తులేదు.

"యేమీ కాదు సామీ. అవతలి గట్టున వుండాయి, తెల్లారేసరికి పోతాయి. మీరు మాత్రం బయటికి రావద్దండి" అన్నాడు తాత. రాత్రిపూట వాటి పేరు నోటితో చెప్పడు. నేను కారు అతనికి ఫోను చేశాను. రమ్మంటే వస్తాను గాని యిప్పుడు ఆ దారిన రావడమే ప్రమాదమన్నాడు. తలుపు గడియ పెట్టి గోడకు ఆనుకొని కూర్చొన్నాం. ఇంత దూరం యీ మనిషిని నేనెందుకు తెచ్చాను అని నా గుండె కొట్టుకొంటున్నది. అమ్మకు రేపు యేమని చెప్పను?

ఆమె మాత్రం నిదానంగా వుంది. చాలాసేపటికి అన్నది: "ఆ రోజు మీ బండి నిలిచిపోవడం వల్ల కాదండీ."

నాకు మొదట అర్థం కాలేదు.

"మీరు చెప్పులు వేసుకొంటుండగానే నొప్పి మొదలయింది. పొద్దున ఐదింటికే. చెబితే మీరు ఆగిపోతారు. ఆ నెలలో అప్పటికే రెండు రోజుల జీతం పోయింది. తగ్గిపోతుందిలే అనుకొన్నాను. మధ్యాహ్నం దాకా అత్తయ్యకు కూడా చెప్పలేదు."

ఐదేళ్ళు నేను ఒక బండిని తిట్టాను. ఆమె ఐదేళ్ళు తనను తిట్టుకొన్నది. ఒకే కప్పు కింద యిది జరిగింది. నేను యేమన్నానో సరిగా గుర్తులేదు. నీ తప్పు కాదని అనివుంటాను. ముందే చెప్పివున్నా బిడ్డ నిలిచేదో లేదో డాక్టర్లకే తెలియదని కూడా అన్నాను. ఆమె యేడ్చింది. నేనూ యేడ్చాను, చీకటి గనుక సిగ్గుపడలేదు. దూరాన మెయిలు పోయిన చప్పుడు వినిపించింది. టపాకాయలు అప్పటికి ఆగిపోయాయి.

"ఈసారి నొప్పి వస్తే చెబుతావా?" అన్నాను.

"చెప్పడానికి నేను కుప్పంలో వుంటాను. వినడానికి మీరు బెంగుళూరులో వుంటారు" అన్నది.

పుట్టింటికి పంపడం మన ఆడవాళ్ళకు మంచి యేర్పాటే. కాదనను. తల్లి చేతి పథ్యం, చాకిరీ నుంచి విశ్రాంతి, అత్తవారింట దొరకవు. కాని ఆ యేర్పాటులో మొగుడికి చోటు లేదు. పురుడయ్యాక చీర, పసుపుకుంకుమలతో చుట్టంలా పోయి చూసివచ్చేవాడతడు. నెల రోజులు అత్తవారింట్లో తిష్ఠ వేస్తే ఇల్లరికం అంటారు. అంటే అననీ. కుప్పం నుంచి కూడా రోజూ బెంగుళూరు వచ్చిపోయేవాళ్ళు కావలసినంతమంది వున్నారు. అరగంటో ముప్పావుగంటో యెక్కువ పడుతుంది.

తెల్లవారి తాత వచ్చి గడియ తీయమన్నాడు. పక్క తోటలో ఒక వామి చెల్లాచెదరయింది, రెండు నీటిగొట్టాలు విరిగాయి, మనుషులకేమీ కాలేదు. మూడో రోజు ఆదివారం. మా బావమరిది ఆమెను తీసుకుపోవడానికి కుప్పం నుంచి స్టేషనుకు వచ్చాడు. అవ్వ కూడా వచ్చింది. మునగాకు మూట ఒకటి చేతికిచ్చి, బిడ్డను తెచ్చి చూపించమన్నది.

"వచ్చే నెలాఖరు నుంచి నాకూ ఒక చాప వేయించమని మీ అమ్మతో చెప్పు" అన్నాను బావమరిదితో. అతను హాస్యమనుకొని నవ్వాడు. ఆమె నవ్వలేదు, నా వంక చూసింది. వాళ్ళ బండి ముందు వచ్చింది. నా బండి వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద నేనొక్కడినే నిలబడ్డాను.

ఇది కుప్పంలో అత్తవారి పంచలో కూర్చొని రాస్తున్నాను. మా అమ్మ ఇంకా అలక తీరలేదు. వీధిలో ఒకరిద్దరు అనవలసింది అన్నారు. రోజుకు రెండుసార్లు కామసముద్రం మీదుగా పోతున్నాను. రెండు పూటలా చీకటే, యేమీ కనబడదు. పూత రాలి పిందెలు బాగా నిలిచాయని మా గుమాస్తా చెప్పాడు. నేను చెప్పులు వేసుకొనేటప్పుడు ఆమె వచ్చి గుమ్మంలో నిలబడుతున్నది, యేమైనా వుంటే చెబుతున్నది. నిన్న నడుము పట్టేసిందన్నది, ఆగిపోయాను, మామూలు నొప్పే. డాక్టరమ్మ వేసిన తేదీకి ఇంకా 11 రోజులున్నాయి.