నాన్న పేల్చని పాటన్ ట్యాంకు

ఐదో తరగతిలో నేనొక పెద్ద అబద్ధం చెప్పాను. అప్పుడు మేం సికింద్రాబాదులో, తిరుమలగిరిలో ఉండేవాళ్ళం. "1965 యుద్ధంలో మా నాన్న పాటన్ ట్యాంకుని పేల్చేశారు" అని క్లాసు మొత్తానికీ చెప్పేశాను. నా పక్కన కూర్చునేవాడి నాన్న పదాతి దళంలో సుబేదారు, ఛాతీ నిండా పతకాలు. మా నాన్నేమో ఈఎంఈలో మెకానిక్కు. ఇంటికొస్తే గ్రీజు వాసన. ఏం చెప్పుకోమంటారు?

సికింద్రాబాదులో పెరిగినవాళ్ళకి ఏఓసీ, ఈఎంఈ అంటే మూసేసిన గేట్లు, చుట్టూ తిరిగి పోవడాలు. లోపల ఏం చేస్తారో మాకూ పెద్దగా తెలీదు. ఏఓసీ అంటే ఆర్డ్‌నెన్సు శాఖ: తుపాకులూ, గుళ్ళూ, బట్టలూ, విడిభాగాలూ దాచిపెట్టి అవసరమైన చోటికి పంపేది. ఈఎంఈ విరిగినవి బాగుచేసేది. (తిండీ, పెట్రోలూ ఏఎస్‌సీ అని ఇంకో శాఖ చూస్తుంది.) ఒకప్పుడు దాచడం, బాగుచేయడం చాలావరకు ఆర్డ్‌నెన్సు వాళ్ళ పనే. రెండో ప్రపంచ యుద్ధంలో యంత్రాలు పెరిగిపోయేసరికి మరమ్మతుని విడదీశారు. బ్రిటన్‌లో 1942లో, మనకి 1943లో, నేనిప్పుడుంటున్న కెనడాలో 1944లో.

కెనడా వాళ్ళ శాఖ పుట్టీ పుట్టగానే చేసిన పని ఒకటి నాకు భలే ఇష్టం. 1944 ఆగస్టు, ఫ్రాన్సులో కాన్ పట్టణం దగ్గర. సైనికులు నడుచుకుంటూ ముందుకెళ్తే మెషీన్‌గన్లకి బలైపోతున్నారు. జనరల్ గై సైమండ్స్‌కి ఒక ఆలోచన వచ్చింది. 'ప్రీస్ట్' అనే ఫిరంగి బండ్లు ఖాళీగా ఉన్నాయి కదా, వాటి ఫిరంగులు పీకేసి లోపల మనుషుల్ని కూర్చోబెడితే? మెకానిక్కులు కొద్ది రోజుల్లోనే డెబ్భైకి పైగా బండ్ల ఫిరంగులు ఊడదీసి, కన్నాలకి ఇనప రేకులు వెల్డింగు చేసేశారు. ఆగస్టు 7 రాత్రి సైనికులు వాటిలోనే కూర్చుని శత్రువు మీదికెళ్ళారు. ఆ పని చేసిన వర్క్‌షాపు రహస్య నామం 'కంగారూ', బండ్లకీ అదే పేరు స్థిరపడిపోయింది. డెడ్‌లైన్ చూసి వాళ్ళు మాత్రం కంగారు పడినట్టు లేదు!

2006 వేసవిలో నాన్న మొదటిసారి ఆటవా వచ్చారు. పార్లమెంటు చూపించాను, "బావుంది" అన్నారు. నయాగరా చూపించాను, "నీళ్ళు బాగా ఉన్నాయి" అన్నారు. ఇక లాభం లేదని లెబ్రెటన్ ఫ్లాట్స్‌లో ఉన్న యుద్ధ మ్యూజియానికి తీసుకెళ్ళాను. కింద హాల్లో షెర్మన్ ట్యాంకు కనపడగానే మనిషి మారిపోయారు. మోకాళ్ళ నొప్పి మర్చిపోయి నేల మీద గొంతుక్కూర్చుని కిందకి తొంగి చూస్తున్నారు. "దీనికి ఏ ఇంజనురా?" అని నన్నడుగుతారు!

షెర్మన్‌కి ఒకటి కాదు, నాలుగైదు రకాల ఇంజన్లట. ఒక రకంలో అయిదు కారు ఇంజన్లు కలిపి ఒకటిగా బిగించారు, మొత్తం ముప్ఫై సిలిండర్లు. పైకి అన్నీ ఒకటే ట్యాంకు, లోపల మాత్రం ఒకదాని సామాను ఇంకోదానికి పట్టదు. "తప్పు పెట్టె పంపిస్తే ట్యాంకు ఉన్నా లేనట్టే" అన్నారు. నేను చేసేది ప్రొడక్షన్ సపోర్టు, నాలుగు క్లయింట్లు, నాలుగు వెర్షన్లు. నాకు వేరే వివరణ అక్కర్లేదు.

అప్పుడు చెప్పారు, ఇన్నేళ్ళలో మొదటిసారి. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ యుద్ధం. డెక్కన్ హార్స్ రెజిమెంటుకి షెర్మన్లే, ఇరవయ్యేళ్ళ పాతవి. నాన్న వాళ్ళ మరమ్మతు బృందంలో ఇరవై రెండేళ్ళ కుర్రాడు. ఎదురుగా కొత్త పాటన్లు. మనవాళ్ళు పొలాలకి నీళ్ళు వదిలితే చాలా పాటన్లు బురదలో కూరుకుపోయాయి. పాకిస్తాను ఆ యుద్ధంలో తొంభైకి పైగా ట్యాంకులు పోగొట్టుకుంది.

"పగలు దెబ్బతిన్నవాటిని రాత్రి లాక్కొచ్చేవాళ్ళం. టార్చి కూడా వెయ్యకూడదు, చేత్తో తడిమి బోల్టు విప్పడమే. పొలం మన చేతిలో మిగిలింది కాబట్టి విరిగినవి మళ్ళీ లేచాయి. వాళ్ళవి వాళ్ళు వచ్చి తీసుకెళ్ళలేరుగా."

ఇంటికొచ్చేటప్పుడు 417 హైవే మీద, ముప్ఫై ఏళ్ళు దాచుకున్న నా అబద్ధం బయటపెట్టాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత గట్టిగా నవ్వారు.

"పేల్చేస్తే ఇంక ఏముంటుందిరా? లాక్కొచ్చాం."

కనాటా ఎగ్జిట్ దగ్గర నా కారు శబ్దం విని, టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చావని అడిగారు. మార్చలేదు.